విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మగారు

మహాసభలు జరుగు దినములలో పగలు ఉపన్యాసములును తీర్మానములును, రాత్రి సంగీతమును నాటకమును ఉండుట మనలో వాడుక. పగటి తీర్మానములు కొందఱికి మాత్రమే జ్ఞాపకముండును. రాత్రి చూచిన నాటకమో, పసిపిల్లల మనస్సులలో సైతము చిరకాలము నిలిచియుండును. తమ వారెవరో, తమ పెద్దలెట్టివారో పిల్లలు తీర్మానముల వలన గాక నాటకముల వలననే తెలిసికొందురు. కావున రంగస్థలముపై ఎవరి చరిత్రను నిలుపవలయును, దానిని ఏ రీతిగా నిలుపవలయును అనునది చిన్న విషయము గాదు. ఈ సంచికయందు అట్టి నాటకమునకు మిక్కిలి తగిన యొక స్త్రీరత్నము చరిత్రను సంగ్రహముగా విన్నవించి, తుదను మన నాటక సమాజములకు ఒక మనవి చేయ దలచితిమి.

ఆ స్త్రీరత్నము బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె కన్నడదేశమున బుట్టి, చెన్నపురియందు వర్ధిల్లి, చోళదేశమున తనువు చాలించినది. ఐనను ఆమె పాడిన పాట తెలుగు, ఆమె ఉద్ధరించిన కావ్యము తెలుగు, ఆమె సర్వస్వము ధారపోసి కొలిచిన వాగ్గేయకారుడు తెలుగువాడు. సంగీత నాట్యములే కులవిద్యగా వచ్చిన మన కుటుంబములవారు ఆమెను పరాయిదానిగా నెంచుటకు వీలులేదు.

నాగరత్నమ్మగారు 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన మైసూరు రాజ్యములోని నంజనగూడునందు జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మ దేవదాసీ వంశమునకు చెందినది. తండ్రి సుబ్బారావుగారు న్యాయవాది. శిశువు పుట్టిన కొలదికాలమునకే ఆయన ఆ తల్లీబిడ్డలను విడిచిపెట్టెను. నిరాధారయైన ఆ తల్లి దైన్యమునకు లోబడక, బిడ్డకు విద్య చెప్పించుటయే తన వ్రతముగా పెట్టుకొనెను. మైసూరునందు గిరిభట్ట తిమ్మయ్యగారను పండితుని యొద్ద బాలికకు సంస్కృతమును, సంగీతమును ఆరంభించిరి. బాలిక బుద్ధికుశలత మిక్కుటమై, శ్లోకములు ఒక్కమారు వినిన మాత్రమున ధారణ కలుగుచుండెను. కొంతకాలమునకు గురువునకు మనసు మాఱి ఆ చదువు నిలిచిపోయినది. తల్లి యంతట మైసూరును విడిచి, ఊరూర తిరిగి, తుదకు బెంగుళూరు చేరి, కుమార్తెను విదుషీమణిగా జేయు సంకల్పమును మాత్రము విడువలేదు.

బెంగుళూరునందు మునుస్వామప్పగారు ఆమెకు సంగీతమున గురువులైరి. ఈయన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్ గారి శిష్యులు. కృష్ణస్వామిగారి తండ్రి వెంకటరమణ భాగవతార్ సాక్షాత్తు త్యాగరాజస్వామివారి శిష్యుడు. ఈ విధముగా త్యాగరాజ శిష్యపరంపర యందలి విద్య నాగరత్నమ్మగారికి బాల్యముననే ప్రాప్తించినది. తరువాతి కాలమున తిరువయ్యారునందు ఆమె చేసిన సేవకు బీజ మిక్కడనే పడినదని చెప్పవచ్చును. నాట్యమును, అభినయమును, సంస్కృతమును, కన్నడమును, తెలుగును ఆమె శ్రద్ధతో నేర్చిరి. విద్య ముగియక మునుపే తల్లి గతించినది. తన బిడ్డ సభలో నిలిచి పాడుట ఆ తల్లి కన్నులార చూడ నోచుకొనలేదు.

పదునైదవ యేట ఆమె విద్వత్సభయందు రంగప్రవేశము చేసిరి. సంస్కృత జ్ఞానము, గాత్రమాధుర్యము, అభినయము మూడును ఒక్కచో కూడియుండుట చూచి పెద్దలు ఆశ్చర్యపడిరి. మైసూరు సంస్థానమున ఆమెకు ఆదరము లభించినది. ఉన్నత న్యాయస్థానపు న్యాయాధిపతిగారైన నరహరిరావుగారు ఆమె విద్యను ప్రోత్సహించిరి. ఆయన ప్రోత్సాహముననే ఆమె చెన్నపురికి నివాసము మార్చుకొనిరి. అచ్చట రాజరత్న మొదలియారుగారను వర్తకుడు ఆమెకు ఆశ్రయమిచ్చెను. అది మొదలు ముప్పది సంవత్సరములు ఆమె దక్షిణదేశమంతటను సంచరించి వేయికి మించిన కచేరీలు చేసిరి. ఆ కచేరీల వివరములను తానే వ్రాసి పెట్టుకొనుచుండిరి. ఒకరి దయాధర్మములపై ఆధారపడక, స్వార్జితముతో ఇల్లును, భూషణములను సంపాదించి గౌరవముగా జీవించిరి. చెన్నపురియందు ఆదాయపు పన్ను చెల్లించిన తొలి గాయకురాలు ఆమెయే యని ప్రతీతి.

పాటకచేరీతో ఆమె తృప్తిపడలేదు. హరికథా కాలక్షేపములును చేసిరి. హరికథ యనగా ఒక్కరే నడపు నాటకము గదా. కథకుడే రాజు, కథకుడే దాసి, కథకుడే భక్తుడు. గానము, వచనము, అభినయము, శాస్త్రప్రసంగము అన్నియు ఒక్కరి వలననే జరుగవలెను. ఆ దినములలో నాటకరంగమున స్త్రీవేషములు సాధారణముగా పురుషులే ధరించుచుండిరి. సురభివారి వంటి నాటక కుటుంబములలో దక్క, కులస్త్రీ రంగమెక్కుట లోకము సహింపకుండెను. రంగమెక్కు కులమున బుట్టిన స్త్రీలనో, లోకము పాట వినును గాని పక్కన కూర్చుండబెట్టుకొనదు. అట్టి కాలమున ఒక స్త్రీ సభామధ్యమున నిలిచి, పురాణార్థములు విడదీసి చెప్పి, పండితులచేత ఔననిపించుకొనుట సామాన్య కార్యము గాదు. విద్యాసుందరి యను బిరుదము ఆమెకు ఈ కారణముననే సార్థకమైనది.

ఇక ఆమె సాహిత్యసేవ. తంజావూరు మహారాష్ట్ర ప్రభువైన ప్రతాపసింహుని యాస్థానమున, 18వ శతాబ్దియందు, ముద్దుపళని యను కవయిత్రి యుండెను. ఆమెయు దేవదాసీ వంశమునందే పుట్టినది. రాధికాసాంత్వనమను నాలుగాశ్వాసముల శృంగార ప్రబంధమును రచించినది. రాధ తాను పెంచిన ఇళాదేవిని శ్రీకృష్ణునికిచ్చి పెండ్లిచేసి, పిమ్మట విరహమును ఈర్ష్యను తాళలేక అలుగగా, కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చుట అందలి కథ. అలుక తీర్చువాడు పురుషుడు, తీఱవలసినది స్త్రీ యలుక. ఆ స్త్రీ హృదయమును స్త్రీయే వర్ణించినది. కావ్యాదియందు కవులు తమ వంశమును చెప్పుకొను ఆచారము ననుసరించి, ముద్దుపళని తన తల్లిని, మాతామహిని, వారి విద్యను, తనకు జరిగిన సత్కారములను సగర్వముగా చెప్పుకొనినది.

నాగరత్నమ్మగారికి ఈ కావ్యపు అచ్చుప్రతి యొకటి లభించినది. తప్పులు కుప్పలుగా నున్నవి. అంతమాత్రమే గాక, తరువాత దొరికిన వ్రాతప్రతితో పోల్చి చూడగా, అచ్చువేసినవారు కొన్ని పద్యములను, కవయిత్రి తన వంశమును గూర్చి చెప్పుకొనిన భాగమును తొలగించియుండిరి. ఆ గ్రంథమును జూచిన వానికి ఇది స్త్రీ రచన యని గాని, ఏ కులపు స్త్రీ యని గాని తెలియు మార్గము లేకుండెను. ఈ విషయము పాఠకమహాశయులు చక్కగా గమనింప ప్రార్థన. కావ్యము ఉంచబడినది, కవయిత్రి మాత్రము కొట్టివేయబడినది.

నాగరత్నమ్మగారు రెండు ప్రతులను సరిచూచి, లోపించిన భాగములను పూరించి, పీఠికతో గూడ 1910లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారిచేత ముద్రింపించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళనిని తీవ్రముగా దూషించియుండిరి. పంతులుగారన్న ఆ కాలమున తెలుగుదేశమంతటను గౌరవము. వారిని ఎదిరించి వ్రాయుటకు విద్వాంసులే వెనుదీయుదురు. నాగరత్నమ్మగారు పీఠికయందు వెనుదీయలేదు. పురుషులు రచించిన శృంగార ప్రబంధములను పండితులు మెచ్చి చదువుచుండగా, అదే శృంగారము స్త్రీ లేఖిని నుండి వెలువడినంతనే అసభ్యమగుట యెట్లని, సిగ్గనునది స్త్రీలకు మాత్రమే విధింపబడినదా యని ఆమె ప్రశ్నించిరి. పంతులుగారు స్త్రీవిద్య కొఱకు, వితంతువుల కొఱకు చేసిన మహోపకారము లోకవిదితము. అంతటివారి దృష్టికి సైతము మన స్త్రీల విద్య అంటరానిదిగా కనబడిన దినము లవి.

పుస్తకము వెలువడిన స్వల్పకాలమునకే పత్రికలలో నిరసన లేచినది. ప్రభుత్వమువారు దానిని అశ్లీలముగా నెంచి 1911లో ప్రతులను పట్టుకొనిరి. తెలుగు పండితులు పెట్టుకొనిన విన్నపములు ఫలింపలేదు. మూడు దశాబ్దములకు మించి ఆ కావ్యము బహిరంగముగా అమ్ముడుపోవుటకు వీలులేక పోయినది. తుదకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవవలన 1947లో ఆ నిషేధము తొలగినది. ముప్పది రెండేండ్ల వయస్సున ఆరంభించిన వాదము తన డెబ్బదవ యేట సమీపించుచుండగా గెలుచుట ఆమె కనులార చూచిరి. 1952లో వావిళ్లవారు ఆ కావ్యమును మఱల ముద్రించిరి.

ఈలోపల ఆమె జీవితమున మఱియొక మహాకార్యము నడచినది. త్యాగరాజస్వామివారు 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారునందు సిద్ధిపొందిరి. కావేరీతీరమున వారి సమాధి శిథిలమగుచుండగా 1903లో ఉమయాళ్పురము కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ గార్లు బాగుచేయించిరి. తరువాత శిష్యవర్గమువారు ఏటేట ఆరాధనోత్సవము జరుపుచుండిరి. కాని వారిలో పక్షములేర్పడి, పెద్ద పక్షమని, చిన్న పక్షమని వేఱువేఱుగా ఉత్సవములు చేయసాగిరి. కచేరీల కొఱకు పోటీ యుండెను గాని, సమాధిని మాత్రము పట్టించుకొనువారు లేకపోయిరి. మైసూరు విద్వాంసులైన బిడారము కృష్ణప్పగారు ఈ దుస్థితిని నాగరత్నమ్మగారికి తెలియజేసిరి.

1921లో ఆమె తిరువయ్యారున పని ఆరంభించిరి. సమాధిస్థలమును సంపాదించి, దాని చుట్టును ఆలయమును నిర్మింపించి, త్యాగరాజస్వామివారి విగ్రహమును ప్రతిష్ఠింపజేసి, నిత్యపూజకు ఏర్పాటు చేసిరి. ఇందులకు కావలసిన ధనము రాజులిచ్చినది గాదు. కచేరీలలో ఆర్జించినది, చాలనప్పుడు నగలను, ఆస్తిని అమ్మి తెచ్చినది. 1920వ దశకము నడుమనాటికి ఆలయము పూర్తియై కుంభాభిషేకము జరిగినది. స్వామివారిపై అష్టోత్తర శతనామావళిని ఆమె సంస్కృతమున రచించిరి.

ఇంతచేసినను ఆమెకు ఆ యుత్సవమున పాడుటకు అధికారము లేకపోయినది. రెండు పక్షములవారును అన్నిటను విభేదించిరి గాని, స్త్రీలను పాడనీయరాదను విషయమున మాత్రము ఏకీభవించిరి. గుడి కట్టించిన స్త్రీ ఆ గుడిముంగిట పాడరాదు! ఆమె కలహమునకు దిగలేదు, ఇంటికి మరలిపోనులేదు. సమాధి కావలివైపున తన స్వంత ఆరాధనోత్సవము నేర్పాటుచేసి, దేవదాసీ వంశపు గాయకురాండ్రను పిలిపించి పాడించిరి, హరికథలు చెప్పించిరి. లోకులు దానిని స్త్రీల పక్షమని పిలువసాగిరి. వేదికను పంచుకొనుటకు పురుషులు సమ్మతింపనప్పుడు స్త్రీలే వేదికను నిర్మించుకొనిరి. క్రమముగా శ్రోతలు అటును చేరిరి. పక్షములన్నియు 1940–41 ప్రాంతమున ఒక్కటైనప్పుడు స్త్రీల స్థానమును కాదనుట ఎవరికిని సాధ్యము గాకపోయినది. నేడు తిరువయ్యారున పుష్య బహుళ పంచమినాడు స్త్రీపురుషులు కలిసి కూర్చుండి పంచరత్నములు పాడుచున్నారు. ఆ పాడువారిలో ఎందఱికి ఈ కథ తెలియును?

దేవదాసీ నిర్మూలన వాదమునందు ఆమె వహించిన పాత్రను గూర్చి మనలో కొందఱు ప్రస్తావించుటకే సంకోచింతురు. దాచుట సత్యము గాదు గనుక చెప్పుచున్నాము. 1927లో డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డిగారు చెన్నపురి శాసనసభయందు ఆడపిల్లలను దేవాలయములకు అంకితము చేయుటను మాన్పింపవలెనని తీర్మానము తెచ్చిరి. ముత్తులక్ష్మిగారి తల్లియు దేవదాసీ వంశమున బుట్టినదే. ఆమె పసిపిల్లలకు జరుగు అన్యాయమును కన్నులార చూచి ఈ కార్యమునకు పూనుకొనిరి. తెలుగుదేశమునను యామినీ పూర్ణతిలకమ్మగారి వంటివారు మన కులమునుండియే లేచి సంస్కరణమునకు పాటుపడిరి. నాగరత్నమ్మగారు మాత్రము దేవదాసీల సంఘమున చేరి ప్రభుత్వమునకు విన్నపము సమర్పించినవారిలో నొకరు. దేవదాసీలనందఱిని వేశ్యలని యొక్క పేర పిలుచుట అన్యాయమని, విద్యయు ఆస్తిహక్కును కళయు గల స్త్రీల జీవనమును చట్టమొక్క వ్రేటుతో కూల్చరాదని, తమకు కావలసినది విద్య యని వారి వాదము. చట్టము 1947లో వచ్చినది. పిల్లలకు దాని వలన మేలు కలిగినదనుట నిర్వివాదము. ఐతే నాట్యము గొప్ప యిండ్లకు చేరి గౌరవము పొందగా, దానిని తరతరములుగా కాపాడిన స్త్రీలు మాత్రము మూలపడిరనుటయు నిర్వివాదమే. ఇరువురు స్త్రీలును ఒక్క దుఃఖమునే రెండు దిక్కులనుండి చూచిరని మా యభిప్రాయము.

చివరి సంవత్సరములను ఆమె తిరువయ్యారుననే సన్యాసినివలె గడపిరి. త్యాగసేవాసక్త యను బిరుదము అప్పటిది. తన ఆస్తిని సమాధి ధర్మమునకు వ్రాసియిచ్చుచు, ఆ స్థలమున స్త్రీలకు పూజించుటకును పాడుటకును గల హక్కు ఎన్నటికిని చెడకుండునట్లు మరణశాసనమున నియమించిరి. 1952వ సంవత్సరము మే 19వ తేదీన పరమపదించిరి. త్యాగరాజస్వామివారి సన్నిధికి సమీపముననే ఆమె సమాధియును, స్వామివారికి అభిముఖముగా చేతులు జోడించి కూర్చున్న ఆమె శిలావిగ్రహమును కలవు.

ఇక మా మనవి. కన్నడ రంగస్థలమున టి. యస్. నాగాభరణగారి దర్శకత్వమున ఈమె జీవితము సంగీతనాటకముగా ప్రదర్శింపబడినది. మన నాటకములలో రాజులు, యోధులు, భక్తులు పలుమారులు వచ్చుచుందురు. విద్యచేత జీవించి, విద్య కొఱకు పోరాడిన స్త్రీ కథ ఎంత అరుదు! మన శాఖా సంఘములవారు వార్షిక సభలకు ఇట్టి నాటకమును సిద్ధపఱచిన బాగుండును. సంగీతమున కిందు కొఱతలేదు. పాడగల బాలికలు మన యిండ్లలో నున్నారు. విడిచిపోయిన తండ్రి, పట్టువిడువని తల్లి, రెండు ప్రతులను ముందుంచుకొని దీపము వెలుతురున అక్షరములు సరిచూచు విదుషి, నగలమూట విప్పు భక్తురాలు, సమాధి వెనుక తంబురలు శ్రుతిచేయు స్త్రీలు: ఇంతకు మించిన రంగము లేవి కావలెను?

ఐతే ఒక్క హెచ్చరిక. ఆమెను త్యాగరాజస్వామివారి భక్తురాలిగా మాత్రమే చూపి, ఆమె జన్మమును, రాధికాసాంత్వనమును, దేవదాసీల సంఘమును దాచి నాటకము వ్రాయవలెనను కోరిక కొందఱికి కలుగవచ్చును. ఆడపిల్లలకు సంబంధములు చూడవలసినవారము, పాతమాటలు ఏల యని పెద్దలే యనుచుండుట మేము వినియున్నాము. వారి బాధ మనకు తెలియనిది గాదు. మన యిండ్లలో ఎందఱు అమ్మమ్మల పేరులు ఈ భయముననే నోట రాకుండ పోయినవో లెక్కలేదు. కాని ముద్దుపళని కావ్యమునుండి ఆమె వంశమును కొట్టివేసిన అచ్చువారు చేసినది ఇదియే గదా. నాగరత్నమ్మగారు తన జీవితమును వెచ్చించినది ఆ కొట్టివేసిన పుటలను తిరిగి చేర్చుటకే. ఆమె చరిత్రమునుండి మనమే ఆ పుటలను చింపినయెడల ఆమెను గౌరవించినవారము గాము.

తన కులమును దాచకయే ఆమె పండితుల నడుమ కూర్చుండెను, తన పేరుతోనే గ్రంథము ప్రకటించెను, తన సొమ్ముతోనే గుడి కట్టించెను. ఆ విధముగనే ఆమెను రంగమెక్కింతము. నాటకము చూచి ఇంటికి పోవు బాలిక ఆ రాత్రి తన అమ్మమ్మ పేరేమని తల్లి నడిగినచో, తల్లి తలవంచుకొనక చెప్పగలిగినచో, మన మహాసభ ఆ సంవత్సరమున సఫలమైనదని యెంచుకొనవచ్చును.